తరగతికో నూటపదహార్లు!

బరంపురం: బడి నుంచి వచ్చిన పిల్ల పుస్తకాల సంచి ఇంకా భుజం దించలేదు. 'అమ్మా, ఆదివారం మా క్లాసు అబ్బాయి బర్త్‌డే. అందరూ ఎల్తన్నారు. మనమేటి ఇద్దాం?' అంది. తల్లి చూపు గోడ మీది క్యాలెండర్ వైపు వెళ్లింది. నెలాఖరు. తండ్రి అడిగిన మాట ఒక్కటే. 'మొన్న మన పిల్ల పుట్టినరోజుకి వాళ్లేటి ఇచ్చారు?' అంతే.. పాత లెక్క బయటికొచ్చింది. 'రిమోట్ కారు. మూడొందలైనా ఉంటది' అంది తల్లి. దానికి తగ్గితే బాగుండదు. పెంచితే పాల బాకీ ఆగుతుంది.

ఈ మాటలు ఏ ఒక్క ఇంటివో కావు. గొసానినువాగాం, లంజిపల్లి, ఛత్రపురం.. సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం. ఎక్కడైనా బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో నెలకోసారి వినబడేవే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లిషు మాట్లాడే పిల్లలకు స్నేహితులు మూడు భాషల్లోనూ ఉన్నారు. పిలుపులూ అలాగే వస్తున్నాయి. ఎంత పెట్టాలన్నదే ఎవరికీ తెగని లెక్క.

అప్పట్లో వట్టి చేతులే

పుట్టినరోజంటే ఒకప్పుడు ఇంటి పండగే. పొద్దున్నే తలంటు, కొత్త బట్టలు, గుడిలో అర్చన, మధ్యాహ్నం పరమాన్నం. ఒడియా వారి ఇళ్లలో అయితే ఖీరి, పిఠాలు. తాతయ్యో అమ్మమ్మో దీవించి చేతిలో పది రూపాయలు పెట్టేవారు. పక్కింటి పిల్లలు వట్టి చేతులతో వచ్చి కడుపునిండా తిని వెళ్లేవారు. ఇవ్వాల్సింది పెద్దలు, పుచ్చుకోవాల్సింది పిల్లలు. పిల్లలు పిల్లలకు ఇచ్చుకునే పద్ధతే లేదు.

ఒడిశాలో ప్రథమాష్టమి ఇప్పటికీ అదే పద్ధతిలో సాగుతోంది. కార్తీక పున్నమి దాటిన ఎనిమిదో రోజున ఇంటికి తొలిచూలు బిడ్డను కూర్చోబెట్టి హారతి ఇస్తారు. పసుపు ఆకుల్లో ఉడికించిన ఎండూరి పిఠా వండుతారు. కొత్త బట్టలు మేనమామ ఇంటి నుంచి రావాలి. ఎవరు పెట్టాలో, ఏది పెట్టాలో ఆచారమే చెప్పేసింది. ఇంకొకరితో పోటీ పడాల్సిన పని లేదు. తరగతి పిల్లల పుట్టినరోజుకు మాత్రం అలాంటి ఆచారం ఏదీ లేదు. ఆ ఖాళీలోకి దుకాణం ధర వచ్చి కూర్చుంది.

పద్దు రాసే అలవాటు

మనవాళ్లకు తెలిసిన ఇచ్చిపుచ్చుకోవడం ఇంకొకటుంది. పెళ్లి పందిట్లో చదివింపులు. బల్ల వేసుకుని ఒకరు కూర్చుంటారు. పేరు, ఊరు, అంకె పుస్తకంలో రాస్తారు. వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసి, అంతకు కాస్త ఎక్కువే చదివిస్తారు. పైకి మొహమాటంలా కనిపించినా దానికో అర్థముంది. అవసరానికి పది ఇళ్లు కలిసి ఒక ఇంటిని ఆదుకోవడం అది. చీటీ పాట లాంటిదే. ఈరోజు పెట్టింది పదేళ్లకో పదిహేనేళ్లకో తిరిగొస్తుంది. చుట్టరికం ఎక్కడికీ పోదు కదా!

పుట్టినరోజు కానుకకూ తల్లిదండ్రులు అదే పుస్తకం తెరుస్తున్నారు. చిక్కంతా అక్కడే. తరగతి స్నేహం చుట్టరికం కాదు. వచ్చే ఏడు సెక్షన్ మారుతుంది. తండ్రికి బదిలీ అయితే ఊరే మారుతుంది. ఇక్కడ పద్దుకు ఆధారం లేదు. పైగా రిటర్న్ గిఫ్టు ఒకటి వచ్చిపడింది. పిల్లవాడు కానుక ఇచ్చి గుమ్మం దాటేలోపే బదులు కానుక సంచిలో పడుతోంది. సాయంత్రానికి రెండు వైపులా బాకీ తీరిపోతోంది. మిగిలేది ఖర్చే!

ఏడాదికి ఎంత?

ఒక్క పిలుపుకు చూస్తే పెద్దగా అనిపించదు. తరగతిలో నలభై మంది ఉన్నారనుకుందాం. ఏడాదిలో పన్నెండు మంది పిలిస్తే, ఒక్కొక్కరికి 200 రూపాయల చొప్పున 2,400. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే 4,800. రంగు కాగితం, ఆటో కిరాయి దీనికి అదనం. ఇక మనింట్లో పుట్టినరోజు చేస్తే ఇరవై మంది పిల్లలకు 75 రూపాయల రిటర్న్ గిఫ్టు అన్నా 1,500. కేకు, టిఫిన్లు లెక్కలోకే రాలేదు. ఉద్యోగుల ఇళ్లలో ఇది సర్దుబాటు. చిరు వ్యాపారి ఇంట్లో అప్పు. కూలి ఇంట్లో ఆ రోజు పిల్లకు 'జొరం'. పార్టీకి పంపకుండా ఉండటానికి చెప్పే అబద్ధమది.

బెంచీ ఒకటే.. జేబులు వేరు

గంజాం జిల్లాలో ఈ తేడా ఇంకాస్త గట్టిగా కనబడుతుంది. ఇక్కడి వారు లక్షల సంఖ్యలో సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నారు. నేసిన మీటరు లెక్కన కూలి. పన్నెండేసి గంటల షిఫ్టు. తండ్రి అక్కడ, బిడ్డల చదువు ఇక్కడ. అలాంటి పిల్లాడి పక్కన వ్యాపారి కొడుకో, ఆఫీసరు కూతురో కూర్చుంటారు. విద్యాహక్కు చట్టం కోరుకున్నదీ అదే. 2009లో చేసిన ఆ చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మైనారిటీ సంస్థలు మినహా ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలన్నది నిబంధన.

అందరికీ ఒకే రంగు చొక్కా వేయించేది ఎందుకు? ఎవరింట ఎంతుందో బడిలో తెలియకూడదనే. ఏడాదంతా యూనిఫాం దాచిన తేడాను కానుకల బల్ల ఒక్క సాయంత్రంలో బయటపెట్టేస్తోంది. అందరి ముందూ రంగు కాగితాలు విప్పుతుంటే, చిన్న పొట్లం తెచ్చిన పిల్ల వెనక వరసలోకి జరుగుతుంది. మర్నాడు తరగతిలో 'నువ్వేటిచ్చావ్?' అన్న ప్రశ్న. నలుగురిలో అడిగితే పెద్దవాళ్లకే కష్టం. ఎనిమిదేళ్ల పిల్లకి?

ధర చూసేది పెద్దలే

ఖరీదు పెరిగితే ఆనందం పెరుగుతుందా? లేదంటున్నాయి పరిశోధనలు. అమెరికా ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ క్రిస్మస్ కానుకలపై విద్యార్థులను ఆరా తీసి 1993లో ఓ వ్యాసం ప్రచురించారు. కొన్న ధరకు, పుచ్చుకున్నవారు దానికి కట్టిన విలువకు మధ్య పదో వంతు నుంచి మూడో వంతు దాకా తరుగు కనిపించింది. అంటే 300 రూపాయల బొమ్మలో 30 నుంచి 100 రూపాయలు గాలికి పోయినట్టే. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో ప్రచురించిన అధ్యయనం మరో మాట చెప్పింది. ఎక్కువ పెడితే ఎక్కువ మెచ్చుకుంటారని ఇచ్చేవారు అనుకుంటారు. పుచ్చుకునేవారికి మాత్రం ఆ ధర పట్టదు.

ఇది చదువుకున్నవాళ్లు చెప్పాలా? ఖరీదైన బొమ్మను పక్కన పడేసి, అది వచ్చిన అట్టపెట్టెతో ఆడుకునే పసివాళ్లను చూడని ఇల్లు ఏది? బొమ్మ వెనక ధర చీటీ వెతికేది పెద్దలే.

పిలుపులోనే చెబితే..

కెనడాలో ఈ బెడదకు ఓ ఉపాయం కనిపెట్టారు. అక్కడ రెండు డాలర్ల నాణేన్ని టూనీ అంటారు. 'టూనీ పార్టీ' అని పిలుపులోనే రాసేస్తారు. వచ్చే పిల్లలు బొమ్మల బదులు రెండు నాణేలు తెస్తారు. ఒకటి పుట్టినరోజు పిల్లవాడు కోరుకున్న వస్తువుకు, ఇంకొకటి సేవకు. నెదర్లాండ్స్ బడుల్లో పుట్టినరోజు పిల్లలే తరగతికి తినుబండారాలు పంచుతారు. మన బడుల్లో చాక్లెట్లు పంచేది అందుకే కదా! పంచినవాడికీ తిన్నవాడికీ అక్కడితో సంతోషం పూర్తి. దాన్ని మించి లాగినప్పుడే తంటా.

ఇంత దూరం పోనక్కర్లేదు. మన దగ్గరే మంచి కట్టుబాటు ఒకటుంది. అది నూటపదహార్లు. శుభకార్యంలో జమీందారు నూటపదహార్లు చదివించినా, పంతులుగారు చదివించినా అంకె ఒకటే. తక్కువని ఎవరూ మూతి విరవరు. అందరూ ఒప్పుకున్న అంకె కాబట్టి పరువు దానికే ఉంది. తరగతి పిల్లల కానుకలకు లేనిది అలాంటి అంకే. అది ఎంతన్నది ఎవరికివారు తేల్చుకుంటే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అవుతుంది. నలుగురూ కూర్చుని తేల్చుకోవాలి. అదీ కలిగినవాడి జేబు చూసి కాదు, తరగతిలో అందరికంటే తక్కువ ఉన్న ఇంటిని తలచుకుని.

పై లెక్కనే తీసుకుంటే, పన్నెండు పిలుపులకు 116 చొప్పున 1,392. ఇద్దరు పిల్లలకు 2,784. ఏడాదికి 2,016 రూపాయలు మిగులు. అదీ కష్టమైన తరగతిలో యాభై అనుకున్నా తప్పు లేదు.

ఇలా చేస్తే మేలు

- తరగతి తల్లిదండ్రుల సమావేశంలో ఎవరో ఒకరు మాట ఎత్తాలి. కలిగినవారు ఎత్తితే ఇంకా మంచిది. లేనివారు అడగలేరు.

- పది మంది పిల్లలు తలో 50 వేసుకుంటే 500. పది పెన్సిల్ డబ్బాల బదులు ఒక మంచి బ్యాటో, నిఘంటువో వస్తుంది. ఎవరెంత వేశారో పొట్లం మీద రాయొద్దు.

- పుస్తకం ఎప్పుడూ చిన్న కానుక కాదు. నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు తెలుగులోనూ, ఒడియాలోనూ తక్కువ ధరకే దొరుకుతాయి. స్నేహితుడి అమ్మ భాషలో ఉన్న పుస్తకమైతే ఇంటిల్లిపాదీ చదువుతారు.

- కానుకలు అందరి ముందూ విప్పొద్దు. అతిథులు వెళ్లాక విప్పుకోవచ్చు.

- రిటర్న్ గిఫ్టు తప్పనిసరి కాదు. పరమాన్నం గిన్నె అంతకన్నా ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

- 'కానుకలు వద్దు, పిల్లల్ని పంపండి చాలు' అని పిలుపులో రాయడానికి మొహమాటపడొద్దు. రాశాక తెచ్చినవారిని మెచ్చుకోనూ వద్దు. తేనివారు చిన్నబోతారు.

ఆదివారం సాయంత్రం ఆ పిల్ల పార్టీకి వెళ్లాలా, 'జొరం'తో ఇంట్లో పడుకోవాలా అన్నది తరగతిలోని పెద్దల చేతిలో ఉంది. పిలిచిన పిల్లాడు గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది స్నేహితురాలి కోసమే. ఆమె చేతిలో ఏముందో వాడు తర్వాత చూస్తాడు. ఆ వరస తారుమారు కాకుండా చూడటమే పెద్దలు పెట్టాల్సిన కానుక.