కొత్త తుంటిలో పాత చీము

పెరంబూరు: తిరుపతి నుంచి అరక్కోణం మీదుగా సెంట్రల్‌కు వెళ్లే రైళ్లు దాటుకుపోయే పేట ఇది. 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించిన పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్, బ్రిటిష్ కాలం నాటి వర్క్‌షాపులు, దక్షిణ రైల్వే ప్రధాన ఆసుపత్రి... అన్నీ ఈ చుట్టుపక్కలే. వీటిని నమ్ముకుని సరిహద్దు దాటి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లెక్కలేదు. అప్పట్లో ఇనుము మోసినవాళ్లు ఇప్పుడు మోకాళ్లు, తుంటి పట్టుకుని ఆసుపత్రి వరండాల్లో కూర్చుంటున్నారు.

ఫిట్టరుగా రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారనుకోండి. మూడేళ్ల క్రితం తుంటి కీలు మార్పించుకున్నాడు. ఆర్నెల్లు హాయిగా నడిచాడు. ఆ తర్వాత కుట్ల పక్కన చిన్న పొక్కు లేచింది. పగిలి చీము కారింది. మెడికల్ షాపులో ఐదు రోజులకు మాత్రలు తెచ్చుకుంటే ఆరిపోయింది. రెండు నెలలకు మళ్లీ అదే చోట. పైపైన పుండే కదా అని ఇంటిల్లిపాదీ సర్దుకుపోయారు. కొంప ముంచేది ఈ సర్దుబాటే.

చర్మం మీద కనబడే ఆ చిల్లు లోపలికి సొరంగంలా వెళ్లి కృత్రిమ కీలును తాకుతుంటే, అది పుండు కాదు. కీలు మొత్తానికీ ఇన్ఫెక్షన్ పట్టినట్టే లెక్క.

మాత్రలకు లొంగదేం?

తుంటి మార్పించుకున్న నూరు మందిలో ఒకరిద్దరికి ఈ ఇబ్బంది వస్తుంది. షుగరు అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి ముప్పు ఎక్కువ. చాలాసార్లు కారణం మన చర్మం మీదే కాపురముండే స్టెఫైలోకాకస్ జాతి సూక్ష్మజీవులు. ఒంట్లోని కండకు రక్తం అందుతుంది, రక్తంతో పాటు మందూ చేరుతుంది. లోహానికి రక్తమెక్కడిది? ఆ లోహం మీద సూక్ష్మజీవులు పాచిలాంటి జిగురు పొర అల్లుకుని దాని చాటున దాక్కుంటాయి. మాత్ర వేసుకుంటే బయట తిరిగేవి చస్తాయి, పొర కిందివి మిగులుతాయి. అందుకే ఆరినట్టే ఆరి మళ్లీ కారుతుంది.

ఆపరేషనైన మొదటి కొద్ది వారాల్లోనే పసిగడితే పొర ఇంకా గట్టిపడదు. కీలు తెరిచి, కడిగి, కదిలే భాగాలు మాత్రం మార్చి, మిగతాది నిలుపుకోవచ్చు. నెలలు గడిచాక ఆ అవకాశం దాదాపు పోయినట్టే.

అసలు వైద్యానికి ముందు ఏ సూక్ష్మజీవో తేల్చాలి. కీలులోంచి సూదితో నీరు తీసి పరీక్షకు పంపుతారు. అప్పటికే రోగి ఏదో మాత్ర మింగుతూ ఉంటే అందులో ఏదీ మొలవదు. శత్రువు పేరు తెలియకుండానే యుద్ధానికి దిగాల్సి వస్తుంది. అందుకే పరీక్షకు కనీసం రెండు వారాల ముందు యాంటీబయాటిక్ ఆపమంటారు, జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే తప్ప. మన దగ్గర క్షయ కూడా ఉంది కాబట్టి దానికీ పరీక్ష చేయించడం మంచిది.

రెండు విడతల కోత

పాతుకుపోయిన ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా చేసేది రెండు విడతల ఆపరేషన్. మొదటి విడతలో కీలు, దాన్ని పట్టి ఉంచిన సిమెంట్, చీము పట్టిన కండ అన్నీ తీసేస్తారు. ఎముకలో బిగుసుకున్న కాడ ఊడిరాకపోతే తొడ ఎముకను కిటికీలా నిలువునా కోసి తెరిచి, తర్వాత తీగలతో కట్టాల్సి వస్తుంది. ఐదారు చోట్ల నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. కొన్ని సూక్ష్మజీవులు మొలవడానికి రెండు వారాలు పట్టొచ్చు.

ఖాళీ అయిన చోట మందు కలిపిన సిమెంట్‌తో చేసిన తాత్కాలిక కీలు పెడతారు. అందులోంచి మందు నేరుగా అక్కడికే ఊరుతుంది. సిమెంట్‌లో జెంటామైసిన్ కలిపే ఆలోచన జర్మనీలోని హాంబర్గ్‌లో బుఖోల్ట్స్ అనే సర్జన్‌ది, 1970 ప్రాంతంలో.

ఆ తర్వాత సుమారు ఆరు వారాలు మందులు. ఇవన్నీ సూదులే కానక్కర్లేదని 2019లో బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులపై జరిగిన పరిశోధన తేల్చింది. సరైన మాత్ర దొరికితే చాలు. ఇంటికి దూరంగా చెన్నైలో గది అద్దెకు తీసుకుని ఉండేవారికి ఇది చిన్న సంగతి కాదు. మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. 'క్షయ మందు కదా, నాయనకు క్షయ వచ్చిందా?' అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. జిగురు పొర చాటున ఉన్న స్టెఫైలోకాకస్ మీద కూడా ఈ మందు పనిచేస్తుంది కాబట్టి, మరో మందుతో కలిపి ఇస్తారు.

ఈ మధ్యకాలమే అసలు కష్టం. వాకర్ పట్టుకుని, కాలి మీద బరువు మోపకుండా రోజులు లెక్కపెట్టాలి. కూతురు సెలవు పెట్టాలి, లేదా అల్లుడు. రక్త పరీక్షలు దారికొచ్చి, పుండు మానాక రెండో విడతలో కొత్త కీలు బిగిస్తారు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఇన్ఫెక్షన్ లొంగుతుంది. అయితే, ఓపిక చాలకో, ఒంట్లో సత్తువ లేకో రెండో విడత దాకా రాని వాళ్లూ ఉంటారు. ఈ మాట ముందే చెప్పే డాక్టరును నమ్మొచ్చు.

ఒకే విడతలో పాతది తీసి కొత్తది పెట్టడమూ ఉంది. దీనికీ హాంబర్గే పేరు. నొప్పిలో, నడకలో ఏడాదిన్నర తర్వాత రెండు పద్ధతులకూ తేడా కనబడలేదని 2022లో వెలువడిన మరో బ్రిటన్ అధ్యయనం చెప్పింది. ఎముక, కండ బాగుండి సూక్ష్మజీవి ఏదో ముందే తెలిసిన వారికి ఇది సరిపడుతుంది. మళ్లీ ఆపరేషన్‌ను తట్టుకోలేని వారికి కీలు తీసేసి అలాగే వదిలేస్తారు. కాలు పొట్టిదవుతుంది, కర్ర కావాలి. కానీ చీము ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. ఇదేమీ ఓటమి కాదు.

ఖర్చు మామూలు తుంటి మార్పిడికి ఎన్నో రెట్లు. రాష్ట్రం దాటి వచ్చేవారు తమ ఆరోగ్య పథకం కార్డు ఆ ఆసుపత్రిలో, ఈ ఆపరేషన్‌కు, రెండు విడతలకూ చెల్లుతుందో లేదో రైలెక్కక ముందే కనుక్కోవాలి. ఇంకో కాగితం కూడా ముఖ్యం. మొదటి ఆపరేషన్ రికార్డులో కీలు తయారీదారు పేరు, సైజు ఉన్న స్టిక్కర్లు అంటించి ఉంటాయి. లోపలున్నది ఏ కంపెనీదో తెలిస్తేనే దాన్ని ఊడదీసే పనిముట్లు సర్జన్ ముందుగా తెప్పించుకోగలడు. అది ఏ బీరువాలో పెట్టారో ఇవాళే వెతకండి.