సూదిబెజ్జపు కెమెరాకు ఏ ఫిల్ము?

కటకము లేకుండ, సూదిమొనయంత బెజ్జముతోనే ఛాయాచిత్రము తీయవచ్చును. వేసవి సెలవులలో జనగామయందు మావారి సాయమున మేమట్టి పెట్టె నొకదానిని చేసితిమి. అట్టపెట్టె లోపల నల్లరంగు పూసి, పెంబర్తినుండి తెచ్చిన పలుచని యిత్తడి తగడునకు మిల్లీమీటరులో మూడవవంతు బెజ్జము పొడిచితిమి. పెట్టె చేయుట సులభము; అందుంచు ఫిల్ము నెన్నుకొనుటయే కష్టము.

అన్ని రంగులను గ్రహించు పాంక్రోమాటిక్ షీట్ ఫిల్ము శ్రేష్ఠమే కాని, వెల మిక్కుటము, కటికచీకటిలోనే ముట్టవలెను. ఫోటోలు ముద్రించు కాగితమును వాడిన చౌక; కాని యెండలో సైతము నిమిషముదాక మూత తీసి యుంచవలెను. అంతసేపు కదలని బిడ్డ యెచట?

మూడవది ఎక్స్‌రే ఫిల్ము. ఆసుపత్రు లనేకములు కంప్యూటరు చిత్రములకు మరలినను ఇది యింకను దొరకుచున్నది. ఎండలో కొన్ని సెకండ్లు చాలును. 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల షీటు నాలుగు ముక్కలగును. ఎఱ్ఱదీపపు మసకవెలుగున దానిని కోయవచ్చును, కడుగవచ్చును. రెండువైపుల మందుపూత యుండుటచే, తడిసినపుడు గోరు తగిలినను గీత పడును. పళ్ళెము నడుగున గాజుపలక పరచుట మేలు.

ఎఱ్ఱదీపమునకు చెడని ఫిల్ము ఎఱుపును చూడలేదు. దానికి ఎఱుపు నలుపే. భూపాలపల్లి బంధువులతో పాలంపేట వెళ్ళి, 1213లో కట్టిన రామప్పగుడిని తీసితిమి. ఎఱ్ఱరాతి గోడలకును, నల్లరాతి మదనికలకును గల భేదము చాలవఱ కణగిపోయెను. అచట పాంక్రోమాటిక్ ఫిల్మే తగినది.

మహబూబాబాదులో మా అత్తగారిని ఎక్స్‌రే ఫిల్ముపై తీయగా, కుంకుమబొట్టు కాటుకవలె వచ్చెను. "ఇదేంది బిడ్డా, నాకు దిష్టిచుక్క పెట్టినవు?" అని వారు నొచ్చుకొనిరి. వెలకోర్చి పాంక్రోమాటిక్ ఫిల్ముపై మరల తీసితిమి. అందు బొట్టు, నుదుటిచాయ ఒక్కటియై, బొట్టే కానరాకపోయెను. మామగారు మంచమున నున్న దినములవి. అత్తగారు చాలసేపు మాటాడక, "నల్లగున్నా మంచిదే, బొట్టున్నదే ఉంచు" మనిరి.

ఆ చిత్రమే నేడు మా గోడమీద నున్నది. కాన సోదరీమణులారా, ఫిల్ము కొనుటకు ముందు వెల నొక్కటే యడుగకుడు. మీరు తీయబోవు చిత్రమున ఎఱుపెక్కడ నున్నదో, అది యెట్లు కనబడవలెనో చూచుకొనుడు.