మెదడు బ్యాంకు

మరణించినవారి మెదడును కుటుంబం అంగీకారంతో సేకరించి పరిశోధన కోసం భద్రపరిచే కేంద్రమే మెదడు బ్యాంకు. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్య సంస్థలో ఇలాంటిది 1995 నుంచి ఉంది. ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలి చనిపోయినవారి మెదళ్లూ ఇక్కడికి చేరతాయి. సాధారణంగా ఒక సగాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, రెండోదాన్ని ముక్కలుగా కోసి మైనస్ 80 డిగ్రీల చలిలో గడ్డకట్టిస్తారు. తలకు పదేపదే దెబ్బలు తగలడంవల్ల వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బును కచ్చితంగా నిర్ధారించాలంటే, మరణానంతరం మెదడు కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే.

అవయవదానం వేరు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా సాగే విజయవాడ రహదారిపై బైకు మీంచి పడ్డ మనిషి బ్రెయిన్ డెడ్ అయితే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే గుండె, కాలేయం, కిడ్నీలు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా ఇతరులకు అమరుస్తారు. కన్నీళ్ల మధ్య పెట్టే ఆ సంతకం ఎంతో గొప్పది. మెదడును మాత్రం మరొకరికి అమర్చలేరు. పరిశోధనకు ఇవ్వాలంటే విడిగా అంగీకారం కావాలి.