రాజావారి ‘ప్రజల పార్టీ’ ఏమైంది?

ఇవాళ కురుపాం నుంచి మాట్లాడుతున్నా. వెనక కనిపిస్తోంది జమీందార్ల కోట.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య యూరప్‌లో ‘మళ్లీ రాజే రావాలి’ అంటూ కొన్ని పార్టీలు పుట్టాయి, కొన్నాళ్లకే పోయాయి. మన దగ్గర అచ్చంగా అలాంటిది లేదు. దగ్గరగా వచ్చేది పిఠాపురం రాజా పెట్టిన పీపుల్స్ పార్టీ. పేరేమో ప్రజలది, పెట్టిందేమో రాజా!

ఒక క్లారిటీ. వీళ్లు సింహాసనం అడగలేదు. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి, బ్రిటిష్ వాళ్లకి పేష్కష్ కట్టే జమీందార్లు వీళ్లు. 1802 శాశ్వత పరిష్కారం నాటి ఏర్పాటు అది. ‘రాజా’ బిరుదు మాత్రమే. కానీ శిస్తు బాకీ పడిన రైతుకి ఆ తేడాతో పనేముంది?

అప్పుడు మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం. 1932లో మునుస్వామి నాయుడిని దించి, బొబ్బిలి రాజా మొదటి మంత్రి అయ్యారు. అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. బొబ్బిలి ఎక్కడో కాదు, ఇక్కణ్ణుంచి పార్వతీపురం దాటితే వచ్చేస్తుంది. 1937 ఎన్నికల ముందు పిఠాపురం రాజా ఆ పార్టీ నుంచి విడిపోయి వేరు కుంపటి పెట్టారు. ఆయన చెడ్డమనిషని చెప్పట్లేదు. అనాథాశ్రమం నడిపారు, కాకినాడ కాలేజీని ఆదుకున్నారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరు మీదే ఉంది.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. మద్రాసు శాసనసభలో 215 సీట్లు. అందులో భూస్వాములకి ప్రత్యేకంగా 6. వెనకబడిన ప్రాంతాలు, కొండ తెగలు అందరికీ కలిపి? ఒక్కటి! పైగా ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాళ్లకి, ఆస్తో చదువో ఉన్నవాళ్లకే. ఆట మొత్తం వీళ్లకి అనుకూలంగానే ఉందన్నమాట.

అయినా ఓడిపోయారు. కాంగ్రెస్‌కి 159 సీట్లు. బొబ్బిలిలో రాజావారినే కార్మిక నాయకుడు వి.వి.గిరి ఓడించారు. తర్వాత రాష్ట్రపతి అయిన గిరిగారే. పిఠాపురం పార్టీ నామమాత్రంగా మిగిలి, కనబడకుండా పోయింది. నాకనిపించేది ఏంటంటే, పైన రాజా ఉన్నాడు, కింద ఊళ్లో జెండా పట్టుకునేవాడు లేడు. కాంగ్రెస్ వాళ్లకి ఊరూరా మనుషులున్నారు.

ఓటేసిన రైతులకి మాత్రం వెంటనే ఏం రాలేదు. జమీందారీలపై ప్రకాశం పంతులుగారి కమిటీ 1938లో రిపోర్టు ఇచ్చింది. భూమి హక్కు రైతుదే అంది. 1939లో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది, రిపోర్టు పక్కన పడింది. జమీందారీ రద్దు చట్టం 1948లో గానీ రాలేదు.

అన్నట్టు, కురుపాం ఇప్పుడు ఎస్టీ నియోజకవర్గం.