గోడకు సున్నం నునుపుగా వెయ్యడం ఎలా?

సంక్రాంతి వస్తోందంటే ఊళ్లో ఇంటింటా సున్నం పనే. కొందరి గోడలు పాలలా తెల్లగా, నున్నగా ఉంటాయి. కొందరి గోడలు చారలు చారలుగా కనిపిస్తాయి. నెల తిరక్కుండానే పెచ్చులు ఊడతాయి. ఆనుకుంటే చొక్కాకు తెల్లగా అంటుకుంటుంది. సున్నానికి పెట్టిన డబ్బులు పోయె, రెండు రోజుల కూలీ పోయె. అప్పుడు సున్నం అమ్మినవాణ్ణి తిడతారు. చాలాసార్లు తప్పు వేసే పద్ధతిలోనే ఉంటుంది.

అసలు సున్నం అంటే ఏమిటి? సున్నపురాయిని గాని, గుల్లలను గాని బట్టీలో కాలుస్తారు. అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. మిగిలిన దానికి నీళ్లు తగిలితే బుసబుసా పొంగి మరుగుతుంది. తాంబూలంలో వేసుకునే సున్నం కూడా ఇలా తయారయ్యేదే. గోడకు వేశాక సున్నం గాలిలోంచి మళ్లీ బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. మెల్లమెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. అంటే గోడ మీద పలచటి రాతి పొర కడుతుందన్న మాట. పొర పలచగా ఉంటేనే గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైపైన ఎండి, పగిలి, రాలిపోతుంది.

సున్నాన్ని ఒకరోజు ముందే నానబెట్టాలి. ఇనప డ్రమ్ము గాని, సిమెంటు తొట్టి గాని వాడాలి. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. సత్తు గిన్నెలు అసలే వద్దు, సున్నం సత్తును తినేస్తుంది. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్లు కావాలి. ముందు నీళ్లు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వెయ్యాలి. ఒక్కసారిగా వేస్తే పైకి చిందుతుంది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

కంట్లో సున్నం పడితే చూపే పోవచ్చు. కన్ను నలపకూడదు. వెంటనే రెప్పలు విడదీసి, మంచినీళ్లు ధారగా పోస్తూ ఉండాలి. కనీసం 20 నిమిషాలు పొయ్యాలి. సున్నపు పలుకు కనిపిస్తే తడిగుడ్డ కొసతో తియ్యాలి. ఆ తర్వాత ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆముదం పొయ్యండి, చనుబాలు పొయ్యండి అని పక్కవాళ్లు చెబుతారు. అవేవీ వద్దు. ఇంటికప్పుకు సున్నం వేసేటప్పుడు తల పైకెత్తి చూడక తప్పదు. కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోవాలి, తలకు గుడ్డ చుట్టుకోవాలి.

మర్నాడు సున్నాన్ని బాగా కలిపి పలచటి బట్టతో వడగట్టాలి. వడగట్టకపోతే పలుకులు కుంచెకు చిక్కి గోడ మీద గీతలు పడతాయి. వేడినీళ్లలో కరిగించిన తుమ్మబంక కలపాలి. 10 లీటర్ల సున్నపు నీళ్లకు సుమారు 40 గ్రాముల బంక చాలు. బంక కలిపితే చేతికి అంటదు. కాస్త నీలిమందు వేస్తే తెలుపు ఇంకా తేరుతుంది. ఎక్కువైతే మాత్రం గోడ నీలంగా తేలుతుంది.

ఇక గోడ సంగతి. ఊడుతున్న పాత సున్నాన్ని తాపీతో గోకెయ్యాలి. వంటింటి మసిని సోడా నీళ్లతో కడగాలి. మేకుల బొక్కల్ని ఇసుక, సున్నంతో పూడ్చి ఆరనివ్వాలి. ఆయిలు పెయింటు వేసిన గోడకు సున్నం పట్టదు. సున్నం వేసే ముందు గోడ మీద నీళ్లు చిలకరించాలి. పొడి గోడ సున్నంలోని నీటిని గబుక్కున తాగేస్తుంది. సున్నం బూడిదలా మిగులుతుంది.

కొత్త కుంచెను గంటసేపు నానబెట్టి, గట్టిగా విదిలించాలి. ఊడే పీచు అప్పుడే ఊడిపోతుంది. కుంచెను సగం దాకానే ముంచి, డబ్బా అంచుకు ఒత్తి తియ్యాలి. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి లాగాలి. తడి ఆరకముందే అదే చోట అడ్డంగా, అటూ ఇటూ లాగాలి. చారలు పోయేది ఈ అడ్డం లాగుడుతోనే. పక్క భాగం తడి ఆరకముందే దాన్ని కలుపుకుంటూ పోవాలి. గోడ మధ్యలో పని ఆపి అన్నానికి పోతే అక్కడ అతుకు కనిపిస్తుంది. మూలకు వచ్చాకే ఆపాలి.

తడిగా ఉన్నప్పుడు సున్నం నీళ్లలా ఉంటుంది, కింది గోడ కనబడుతుంది. "ఇదేంటి, ఏమీ తెల్లబడలేదే!" అని కంగారుపడి మళ్లీ మళ్లీ పూస్తారు. గోడ పాడయ్యేది ఇక్కడే. ఆరుతున్న కొద్దీ దానంతట అదే తెల్లబడుతుంది. ఆరాక, మర్నాడు రెండో చెయ్యి వెయ్యాలి. కొత్త గోడకు మూడు చేతులు పడతాయి.

పని అయ్యాక కుంచెను కడిగి వేలాడదియ్యాలి. మిగిలిన సున్నం మీద నీళ్లు నిలిపి, మూత పెట్టి ఉంచితే గట్టిపడకుండా ఉంటుంది. ఇంకో గదికి పనికొస్తుంది.