కారుంటే చాలదు, దాని నడక తెలియాలి
స్టీరింగు పట్టే సూరత్‌వాసులకు స్ప్రింగులు, డ్యాంపర్ల పాఠమూ అవసరమే

సూరత్‌లో కార్లకు కొదవ లేదు. వజ్రాల వ్యాపారి సావ్జీ ధోలాకియా తన సిబ్బందికి దీపావళి కానుకగా 2014లో 491, 2016లో 1,260, 2018లో 600 కార్లు ప్రకటించి దేశాన్ని నివ్వెరపరిచారు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వచ్చి ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లోనూ స్కూటరు నుంచి కారుకు ఎదిగినవారున్నారు. పెళ్లికో పండక్కో ఇంటిల్లిపాదీ ఎక్కి, టాపు మీద సామాను కట్టి, వరంగల్‌కో కరీంనగర్‌కో బయల్దేరితే కారుకు అసలు పరీక్ష మొదలైనట్టే.

కార్ల క్లబ్బుల సాయంత్రపు సమావేశాల్లో ఇంజిను తర్వాత ఎక్కువగా చర్చకు వచ్చేది సస్పెన్షనే. దాని పని ప్రయాణికుల నడుములు కాపాడటమేనని చాలామంది నమ్మకం. నిజానికి అంతకంటే ముఖ్యమైన పని టైరును రోడ్డుకు అంటిపెట్టి ఉంచడం. ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత మేరే. బ్రేకు పట్టాలన్నా, మలుపు తిరగాలన్నా ఆ నాలుగు అరచేతులే ఆధారం.

గుంట తగిలినప్పుడు ఆ దెబ్బను స్ప్రింగు మింగుతుంది. కానీ ఒకసారి నొక్కుకున్న స్ప్రింగు ఎగురుతూనే ఉంటుంది. ఆ ఊపును అణిచేది డ్యాంపర్. జనం నోట 'షాకబ్జార్వర్' అంటే ఇదే. అది అరిగితే చక్రం రోడ్డు మీద గెంతుతుంది, బ్రేకు వేసినా కారు ఆగే దూరం పెరుగుతుంది. పరీక్ష తేలిక: బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే కారు లేచి కుదురుకోవాలి. ఊగుతూనే ఉన్నా, డ్యాంపర్ మీద నూనె చెమ్మ కనిపించినా మెకానిక్‌కు చూపించాల్సిందే.

మలుపుల లెక్క మరింత కఠినం. వేగం రెట్టింపైతే కారును పక్కకు నెట్టే బలం నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటిన మలుపే 80లో ప్రాణాంతకం కావచ్చు. టాపు మీద బరువుంటే కారు మరింత ఒరుగుతుంది. అందుకే బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే వేయాలి.

పెద్ద కంపెనీలకూ ఈ పాఠం తేలిగ్గా అబ్బలేదు. 1997 అక్టోబరులో స్వీడన్ పాత్రికేయులు అడ్డొచ్చిన జంతువును తప్పించినట్టు నడిపి చూస్తే మెర్సిడెస్ ఎ-క్లాస్ బోల్తా కొట్టింది. కంపెనీ అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, కారు అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను అన్నిటికీ అమర్చింది. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు, అంతకు మించి స్టార్లు దక్కాలంటే ఈ ఏర్పాటు ఉండి తీరాలి.

ఇంత తెలిశాక కూడా స్ప్రింగులు కోయించి కారును నేలకు దించే కుర్రాళ్లున్నారు. చూపుకు సొగసే గానీ గుంటలో డ్యాంపర్ అడుగుకు కొట్టుకుంటుంది, అలైన్‌మెంట్ దెబ్బతింటుంది. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చిచెప్పింది.

ఎన్ని హంగులున్నా సీటు బెల్టుకు ప్రత్యామ్నాయం లేదు. సూరత్ మీదుగా సాగే ముంబయి-అహ్మదాబాద్ హైవే మీదే, పాల్‌ఘర్ దగ్గర 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఖరీదైన మెర్సిడెస్‌లో వెనక సీట్లో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదు.

ఖర్చు లేని జాగ్రత్తలు కొన్నే: నెలకోసారి టైర్లలో గాలి, బరువుకు తగ్గ వేగం, అందరికీ బెల్టు. భూతద్దం కింద వజ్రంలో వెంట్రుకవాసి లోపాన్ని పట్టే ఊరికి, అప్పుడప్పుడూ కారు కిందకు టార్చి వేసి చూడటం పెద్ద పనేమీ కాదు.