విప్పని పెట్టె

చదువవలసిన వాక్యభాగము: యిర్మీయా 29:1–14



మా కోనసీమ సంఘంలో ఆదివారం ప్రార్థన మనవులు చదివేటప్పుడు దుబాయ్, కువైట్, మస్కట్ అనే పేర్లు పక్క ఊళ్ల పేర్లలాగే వినిపిస్తాయి. అక్కడున్న మనవారి ఉద్యోగం కోసం, ఆరోగ్యం కోసం ప్రార్థిస్తాము. అయితే వారు ఎలాంటి ఇంట్లో ఉంటున్నారో, ఆ ఇంట్లో ఎలా బ్రతుకుతున్నారో ఎప్పుడైనా ఆలోచించామా? 2023లో కొద్దిరోజులు దుబాయ్‌లో ఉండి వచ్చేవరకు నేనూ ఆలోచించలేదు.

మా సంఘస్థుడైన ఒక సహోదరుడు అక్కడ ఆరేళ్లు తోటి పనివారితో ఒకే గదిలో సర్దుకున్నాడు. సూపర్‌వైజరు అయ్యాక భార్యను, నాలుగేళ్ల పాపను తీసుకువెళ్లాడు. ఐదో అంతస్తులో చిన్న ఫ్లాటు. వారింట్లోనే నాకు బస ఇచ్చారు. నా సంచి పెట్టుకుందామని చూస్తే, గోడవారగా తాళ్లు కట్టిన రెండు పెద్ద పెట్టెలు ఉన్నాయి. వారు వచ్చి అప్పటికి రెండు నెలలైంది.

“ఇవి విప్పలేదేమమ్మా?” అని అడిగాను.

“ఎన్నాళ్లుంటామో ఏమో అయ్యగారూ! ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే కదా” అంది ఆ చెల్లి. అనేటప్పుడే కళ్లు నిండాయి.

భర్త తెల్లవారకముందే వెళ్తే రాత్రికి గాని రాడు. ఊళ్లో అయితే గోడ అవతలికి ఒక్క కేక వేస్తే నలుగురు పరుగెత్తుకొస్తారు. అక్కడ వరుసగా మూసిన తలుపులే. ఒకరోజు పాప జారిపడి నుదురు చిట్లితే ఎవరి తలుపు తట్టాలో తెలియక, గుడ్డ అదిమిపట్టుకొని భర్త వచ్చేవరకు కూర్చుందట. అప్పటినుండి ఇంటికి పంపెయ్యమని రోజూ ఏడుపే. కిందికి రొట్టెల కోసం వెళ్లినప్పుడు అతడు నాతో మెల్లగా అన్నాడు: “అయ్యగారూ, డ్యూటీ అయ్యాక ఇంటికి రావాలంటేనే భయమేస్తోంది.” ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. కలిసి ఉండాలని అంత ఖర్చుపెట్టి వచ్చినవారు విడిపోయే దారిలో నిలబడ్డారు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో యిర్మీయా 29వ అధ్యాయము చదువుకున్నాము. అది చెరపట్టబడి బబులోనుకు వెళ్లినవారికి ప్రవక్త పంపిన ఉత్తరము. దానికి ముందు అధ్యాయములో, రెండేళ్లలోనే అంతా తిరిగి వచ్చేస్తుందని హనన్యా చెప్పాడు. వినడానికి ఎంత తీపి మాట! ఆ మాట నమ్మినవాడు పెట్టె ఎందుకు విప్పుతాడు? కానీ యిర్మీయా డెబ్బది సంవత్సరములని రాశాడు. ఇండ్లు కట్టుకొని కాపురముండుడని, తోటలు నాటుడని, ఆ పట్టణ క్షేమము కొరకు ప్రార్థించుడని, దాని క్షేమములోనే వారి క్షేమము ఉన్నదని దేవుని మాటగా తెలియజేశాడు. యెరూషలేమును మరచిపొమ్మని మాత్రం చెప్పలేదు. తిరిగి రప్పిస్తానన్న వాగ్దానము కూడా ఆ ఉత్తరములోనే ఉంది. తిరిగి వెళ్తామన్న నిరీక్షణ వేరు, ఈ రోజును బ్రతకకుండా వాయిదా వేయడం వేరు.

ఆ రాత్రే పెట్టెలు విప్పారని రాస్తే బాగుంటుంది గాని, అలా జరగలేదు. మూడో రోజు ఆ చెల్లి ఒక పెట్టె తాడు కోసింది. వాళ్లమ్మ చీరల మధ్య చుట్టి పంపిన పచ్చడి సీసా, పెళ్లినాటి ఫోటో బయటికి వచ్చాయి. ఫోటో గోడకెక్కింది. బాల్కనీలో పాత డబ్బాలో ధనియాలు చల్లింది. సాయంత్రం పులిహోర కలిపి, పాప చెయ్యి పట్టుకొని ఎదురింటి తలుపు తట్టింది. అక్కడుండేది ఫిలిప్పీన్స్ దేశపు నర్సు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే. నవ్వులతోనే మాట్లాడుకున్నారు. నేను తిరిగి వచ్చాక ఒక రాత్రి పాపకు జ్వరం ముదిరితే, ఆస్పత్రికి వెంట వెళ్లింది ఆ నర్సేనట.

వెళ్లబోయే కుటుంబాలకు అక్కడ తెలుసుకున్న కొన్ని సంగతులు చెబుతాను. దుబాయ్‌లో అద్దె ఒప్పందాన్ని “ఇజారీ” అనే ప్రభుత్వ పద్ధతిలో నమోదు చేయాలి. అద్దెను చాలామంది ముందు తేదీలు వేసిన చెక్కులతో కడతారు గనుక, ఖాతాలో డబ్బు లేని తేదీ రాయవద్దు. కరెంటు, నీళ్లకు ఫ్లాటుకైతే 2,000 దిర్హములు డిపాజిట్టు కట్టాలి. ఖాళీ చేసేటప్పుడు బకాయిలు పోను తిరిగి ఇస్తారు. వేసవిలో మేడమీది ట్యాంకు కాగి కుళాయి నీళ్లు చెయ్యి కాలేలా వస్తాయి. అప్పుడు హీటరు ఆపి ఉంచితే, ఇంటి చల్లదనానికి దానిలోని నీరే కాస్త చల్లగా ఉంటుందని ఆ చెల్లి నవ్వుతూ చూపించింది.

అన్నిటికంటె ముందు సంఘాన్ని వెతుక్కోండి. ఊద్ మేతాలోని హోలీ ట్రినిటీ ఆవరణలో అనేక భాషల సంఘాలు వేర్వేరు వేళల్లో కూడుకుంటాయి. 2022 జనవరి నుండి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవైనా, శుక్రవారపు ఆరాధనలు ఇంకా ఉన్నాయి. ఇంట్లో మీ కుటుంబము మోకరించవచ్చు. పదిమందిని పిలిచి కూటము పెట్టాలంటే మాత్రం ముందు అక్కడి కాపరిని అడగండి. ఆ దేశపు చట్టాన్ని గౌరవించడం కూడా సాక్ష్యమే.

ఇక ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడి గడియారం మనకంటె గంటన్నర వెనుక. మనం తెల్లవారుజామున ఐదింటికి ప్రార్థన ముగించి ఫోను చేస్తే, వారికి ఇంకా మూడున్నరే! ఫోను ఎత్తగానే డబ్బు ఎప్పుడు పంపుతావని అడగకండి. “ఎప్పుడొస్తావమ్మా” అని ఏడ్చి వాళ్ల పెట్టెకు మళ్లీ తాడు కట్టకండి. “ఈ రోజు ఏం వండావు? పక్కింటివాళ్లు బాగున్నారా?” అని అడగండి. వారి ఇంటి కోసమే కాదు, వారున్న పట్టణము కోసమూ పేరుపెట్టి ప్రార్థించండి.

క్లౌదియ ఆజ్ఞవలన రోమా విడిచిన అకుల, ప్రిస్కిల్ల కొరింథులో కాపురం పెట్టి, డేరాలు కుట్టుకుంటూ పౌలుకు బస ఇచ్చారు (అపొ. 18). పరాయి ఊళ్లోని ఇల్లే దేవుని సేవకునికి నీడ అయింది. దూరదేశములలో ఉన్న మన బిడ్డల ఇండ్లను కూడా ప్రభువు అట్లే వాడుకొనును గాక. ఆమేన్.